కోడలికి మేస్త్రీతనం నేర్పబోయిన ప్రయాణం

మన మిరపకోత ముఠా ఆడోళ్లు, పక్క వీధోళ్లు, రేషన్ షాపు కాడ కూచునేటోళ్లు అందరూ ఒకటే అడుగుడు. "భద్రాచలం అవతల అడవిలకు పోయినవట, ఏముంది ఆడ?" అని. ఒక్కొక్కళ్లకు చెప్పుకుంట పోతే నా నోరు పడిపోతది, పని చెడుతది. అందుకే ఒక్కసారే రాసి పెడుతున్న. చదువొచ్చినోళ్లు చదువుకోండి, రానోళ్లకు వినిపించండి. నేను చదివింది మూడో తరగతి దాకనే. తప్పులుంటే దిద్దుకోండి గాని నవ్వకండి.

పోయిన కారణం ముందు చెప్తా. మా కోడలు పద్మ డిగ్రీ చదివింది. పెళ్లయిన రెండేండ్లకు ఆమెకు అడవి ఊళ్లె ఒక చింతపండు షెడ్డుకు ఇన్‌ఛార్జి పని దొరికింది. కోయ ఆడోళ్లు తెచ్చిన చింతకాయలు అక్కడ కొట్టి, పెంకు, గింజ, నార తీసి, పండును బస్తాలకెత్తి లారీకి ఎక్కిస్తరు. పద్మ మెత్తటి పిల్ల. గట్టిగ ఒక మాట అంటే తనకే గొంతు ఎండుతది. అసుంటిది ముప్పై మంది మీద పెత్తనం ఏం చేస్తదని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఆ అనుమానం నిజమైనట్టే ఒకరోజు కిరాణా కొట్టు రూపాయి ఫోనుకు కబురొచ్చింది. "అత్తమ్మా, వచ్చే ఆదివారం పొద్దున లారీ వస్తది. అప్పటికి సరుకు తయారు కాకపోతే ఆఫీసోళ్లు షెడ్డు ఒక కాంట్రాక్టరుకు ఇస్తరట. నన్ను ఇంటికి పొమ్మంటరు" అన్నది పద్మ. గొంతులో ఏడుపు లేదు. ఆమెకు పైసలు అయిపోతయని నేనే పెట్టేసిన.

ముప్పై ఏండ్లు ముఠా నడిపిన దాన్ని. పొద్దు పొడిచినంక వచ్చినోళ్లను చేను గట్టు మీద నుంచే మలిపి పంపిన దాన్ని. కోత వరుసలో, మునుములో ఒక్కతి వెనకబడినా నా గొంతు పక్క చేను దాక పోయేది. నా కోడలికి పని చేయించుడు రాకపోతే ఎవరు నేర్పాలె? బయలుదేరిన.

బోనకల్ స్టేషన్

చేతిసంచిలో రెండు చీరలు, సద్ది డబ్బా, ఒక ఎండుమిరపకాయల మూట. ఇంకో గోనె సంచి నిండ పచ్చి మామిడికాయలు. కొన్నవి కావు. ముందురోజు గాలికి తోటలో రాలినయ్. కావలాయన తెలిసినోడే, ఏరుకొమ్మన్నడు. రాలిన కాయ కోసిన కాయకంటే పుల్లగా ఉంటది, పప్పుకు మంచిది. ముప్పై మందికి రెండు పూటలు వస్తయని లెక్క వేసుకున్న.

ప్యాసింజరు బండిలో ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఆమె ఎక్కింది. పొట్లం రెండు రూపాయలు. పొట్లం చూస్తే పిడికెడు లేవు.

"గివి రెండు రూపాయలా? లెక్కబెట్టి ఇస్తున్నవా ఏంది?"

"అమ్మమ్మా, నీతోని బేరమాడితే ఖమ్మం దాటిపోతది" అని ఆమె నా సంచి వంక చూసింది. "ఒక కాయ ఇయ్యి, ఒక పొట్లం ఇస్తా."

ఇచ్చిన. ఆమె అప్పటికప్పుడే కాయ కొరికి, కండ్లు మూసి, "అబ్బ, ఈ ఏటికి ఇదే మొదలు" అన్నది. ఆ మాట నేను పట్టించుకోలేదు. మనకు కొత్త కాయ కనపడితే నోట్లో పెట్టుకునుడే కదా.

ఇల్లందు

ఆ రాత్రి మా కొడుకు శ్రీను దగ్గర. బొగ్గుబాయిలో పని, ఒక్క గది. భార్య అడవిలో, భర్త బాయిలో. ఇదేం సంసారమని మనసులో అనుకున్న గాని నోరు తెరవలేదు. వాడే అన్నం వండిండు, దోసకాయ పప్పు చేసిండు. ఉప్పు ఎక్కువైంది గాని మొగోడు వండింది కదా అని తిన్న. గోళ్లలో బొగ్గు, సబ్బు రుద్దినా పోదట. నీళ్లు రోజు విడిచి రోజు వస్తయట. మన ఊరు నయం.

"నేను పోయి పద్మకు పని చేయించుడు నేర్పుతా" అన్న.

శ్రీను చెయ్యి కడుక్కుంట నవ్విండు. "అమ్మా, మా బాయిలో పని చేయించే సర్దారు ఒకడు ఉన్నడు. కేకేస్తే పైన నేల మీద దాక వినపడతది. ఆయన షిఫ్టులో ఎవ్వడూ ఆయనకు ఏదీ చెప్పడు. బాయి పైకప్పు పగులు పట్టినా చెప్పడు. తిట్లు ఎవరు తింటరని."

"అంటే నేను గట్లాంటిదాన్ననా?"

"నేనట్ల అన్ననా? నువ్వు పో, చూడు. నాలుగు రోజులు నోరు కట్టుకొని చూడు, చాలు."

నోరు కట్టుకొని నేను పుట్టి బుద్ధెరిగి ఉన్నది లేదు. వాడికీ తెలుసు.

భద్రాచలం

మంగళవారం ఎర్రబస్సులో కొత్తగూడెం, పాల్వంచ మీదుగా పోయిన. గోదారి వంతెన మీదికి ఎక్కంగనే బస్సంత లేచి దండం పెట్టింది. ఎండాకాలం మొదలు కదా, నీళ్లు ఒక పాయగా సన్నబడి, మిగిలిందంత ఇసుకే. గింత నది ఏం ముంచుతదని అనుకున్న. గుడి దగ్గర పూటకూళ్ల హోటలాయన గోడ మీద వరద గీత చూపించిండు. నా తల మీద ఇంకో మూరెడు ఎత్తున ఉన్నది. "అవ్వా, వానలొస్తే ఆమె రుబాబు చూడాలె" అన్నడు. వాళ్లు గోదారి గురించి మనిషి లెక్కనే మాట్లాడతరు.

టికెట్టు దర్శనం వద్దని ఉచిత వరుసలో నిలబడ్డ. రాముడు రెండు వరుసలకూ ఒక్కతీరుగనే కనపడతడు. భోజనం ఇరవై రూపాయలు. అన్నం కడుపునిండ, చారు మాత్రం ఉత్త నీళ్లు.

"చారుల చింతపండు ఏది బాబూ?"

"రేటు విన్నవా అవ్వా? వాసన చూపించి పోసినం."

మా కోడలు షెడ్డులో గుట్టలుగా ఉన్నది అందామనుకొని ఆగిన. ఆదివారం తర్వాత ఉంటదో లేదో.

వాగు దాటినంక

అక్కడి నుంచి జీపు. పదిహేను రూపాయలు. పదిమంది పట్టేదాంట్లో ఇరవై మంది, మూడు కోళ్లు. దిగినంక ఒక ఇసుక వాగు దాటి నడవాలె. అడవిలో కాళ్ల కింద ఎండాకులు చప్పుడు చేస్తున్నయ్. ఇప్పచెట్ల కింద నేలంత ఊడ్చి శుభ్రంగ పెట్టిన్రు, పువ్వు రాలితే ఏరుకోవటానికట. మనం వాకిలి ఊడ్చినంత శ్రద్ధగ వాళ్లు అడవిని ఊడుస్తరు. అది నాకు నచ్చింది.

షెడ్డు రేకులది. పద్మ పరిగెత్తుకొచ్చి నా సంచి అందుకున్నది. చిక్కిపోయింది. గోనెలోకి చూసి మొహం మారింది. "ఇవి ఇప్పుడు తియ్యకు అత్తమ్మా" అని జల్దీ జల్దీ మంచం కిందికి నెట్టింది. ఇంతలో తూకం కాడ ఎవరో పిలిస్తే పోయింది. రాలిన కాయలు తెచ్చిన్నని నామోషీ పడుతున్నదనుకున్న. నాకు మండింది.

లోపల పని చూస్తే ఇంకా మండింది. ముప్పై మంది ఆడోళ్లు వరుసలో కూచోలేదు. ఎవరి చుట్టాలతోని వాళ్లు గుండ్రంగ కూచున్నరు. పిల్లలను చీర ఊయలల్లో రేకుల షెడ్డు స్తంభాలకు కట్టిన్రు. మాటలు, పాటలు. ముత్తక్క అని ఒకామె, నా ఈడుదే, వాళ్లకు పెద్ద. చుట్ట కాల్చుకుంట కాయలు కొడుతున్నది. నడుమ ఒక పిల్ల లేచి చక్కగ వాగు దిక్కు పోయింది. పద్మ చూసి ఊరుకున్నది.

"ఎటు పోతున్నవని అడగవా?" అన్న చిన్నగ.

"చెప్పే పోయింది అత్తమ్మా. బాలింత. ఇంట్ల బిడ్డ ఉన్నది, పాలియ్యటానికి పోయింది."

"నోరు తెరవకుండ చెప్పిందా?"

"రోజూ చూస్త గద."

ఇదేం మేస్త్రీతనమమ్మా అనుకున్న. ఐదు రోజుల్లో లారీ పెట్టుకొని!

బుధవారం పప్పు

బుధవారం పొద్దున పద్మ భద్రాచలం ఆఫీసుకు పోయింది, ఇంకొక్క రోజు గడువు అడుగుదామని. పోతూ పోతూ, "అత్తమ్మా, వాళ్ల పద్ధతులు వేరే. నేను వచ్చే దాక ఎవర్నీ ఏమీ అనకు" అని చెప్పింది.

షెడ్డులో మధ్యాహ్నం అందరికీ ఒక్క కుండ అన్నం, పప్పు. ఆ రోజు వండే ఆమెకు జ్వరం. నేను చెంగు బిగించిన. కందిపప్పు ఏమో సగం డబ్బా ఉన్నది. చింతపండు అమ్మకపు సరుకు, ముట్టొద్దు. మంచం కింద నా మామిడికాయలున్నయ్. పైసా ఖర్చు లేదు. ఇరవై కాయలు కోసి పప్పులో వేసిన. మన మిరపకాయలతో పోపు పెట్టిన. వాసన షెడ్డంత కమ్మింది.

ఆ వాసనకు ముందు పాటలు ఆగినయ్. తర్వాత మాటలు. ముత్తక్క లేచి వచ్చి కుండలోకి తొంగి చూసింది. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో రెండు ముక్కలు అన్నది. ముప్పై మందీ లేచిన్రు. ఊయలలు విప్పుకున్నరు.

"ఎటు? అన్నం తినరా?"

"తినం."

"నా చేతి వంట పనికి రాదా మీకు?"

పిల్లలను చంకనేసుకొని వాగు దిక్కు నడిచిన్రు. నా ఒంట్లో ముప్పై ఏండ్ల మేస్త్రి లేచింది. పని ఎగ్గొట్టే నాటకమని అనుకున్న. లారీ సంగతి తెలిసే బెట్టు చేస్తున్నరని అనుకున్న. మన దగ్గర ఎప్పుడూ అనే మాటే అన్న, అదే గొంతుతోని: "పోండి, పోండి! రేపటి నుంచి ఒక్కతి కూడ రావద్దు!"

మన ముఠాలో ఆ మాట అంటే ఏమైతదో మీకు తెలుసు. తెల్లారి కోడి కూయకముందే వచ్చి గట్టు మీద కూచుంటరు. రావద్దంటే జల్దీ రమ్మని కదా మనకు అర్థం.

గురువారం పొద్దున షెడ్డు ముందు ఒక్క మనిషి లేదు. కుక్క కూడ లేదు.

పద్మ అడిగిన మూడు మాటలు

అంతకుముందే, బుధవారం సాయంత్రం, పద్మ వచ్చింది. ఆఫీసు సారు గడువు ఇయ్యలేదు. "వాళ్లకు నెలకో పండుగ, ప్రతిదానికీ సెలవు. అసుంటోళ్లతోని షెడ్డు నడవది, కాంట్రాక్టరైతే బయటి కూలీలను తెస్తడు" అన్నడట. శుక్రవారం కూడ వాళ్ల పండుగేనట. ఆ రోజు పోను బుధ, గురు, శనివారాలు పని చేస్తే లారీ నిండుతదని ఆమె ముందే లెక్క వేసుకున్నది. ఆ లెక్కలో నేను ఒకటిన్నర రోజు తినేసిన.

నేను జరిగింది చెప్పిన. తిడతదనుకున్న, లేకపోతే ఏడుస్తదనుకున్న. మూడు మాటలు అడిగింది.

"ఎవరన్న తిన్నరా?"

"లేదు."

"పిల్లలకు పెట్టినవా?"

"లేదు."

"పోయేటప్పుడు ఏమన్నవు?"

చెప్పిన. కూలబడి తల పట్టుకున్నది. అప్పుడు చెప్పింది. కోయోళ్లు మామిడి పండుగ చేసి, దేవతలకు, చనిపోయిన పెద్దలకు పెట్టే దాక కొత్త కాయ ముట్టరు. దాన్ని వండిన పొయ్యి కాడ కూచోరు. ఆ శుక్రవారం పండుగ అదే. రెండు రోజుల ముందు నేను షెడ్డు నడిమిట్ల మామిడికాయ పప్పు ఉడకబెట్టిన.

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"మంచం కిందికి నెట్టిన గద అత్తమ్మా."

"నెట్టుడు చెప్పుడైతదా?"

"కాదు" అన్నది. "అదే నా తప్పు."

ఉండబట్టలేక, "పక్క ఊరి కూలీలను పిలిపియ్యి, రెండు తిట్లు తిట్టు, పని అదే అయితది" అన్న.

"తిట్టి చూసిన అత్తమ్మా. మొదటి నెలంత నువ్వు ఎట్ల చేస్తవో గట్లనే చేసిన. నీ లెక్కనే నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ. ఎవరన్న లేస్తే పని దొంగల లెక్కనే కనపడ్డరు. అట్ల చూసినన్ని రోజులు సగం మంది కూడ రాలేదు."

నా లెక్కనే చేసిందట. ఇన్నాళ్లు నన్ను చూసే నేర్చుకున్నదన్న మాట ఆ పిల్ల. సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో తెలియలేదు.

గుంపులోకి

గురువారం ఇద్దరం వాళ్ల గుంపుకు నడిచినం, వాళ్లు పల్లెను గుంపంటరు. వెదురు తడికల ఇండ్లు, వాకిండ్లు అద్దం లెక్క. గోడలు మనవాటికంటే సాపుగా అలికిన్రు. ముత్తక్క ఇంటి ముందు నలుగురు పెద్దలు కూచున్నరు. మాకు మంచం వేసి, ముంతతోని నీళ్లిచ్చిన్రు. కోపంలో ఉన్నోళ్లు నీళ్లియ్యటం మన దిక్కు చూడలేదు నేను.

నా కోడలు మంచం మీద కూచోలేదు. కింద కూచున్నది. "తప్పు నాది. పండుగ సంగతి మా అత్తకు నేను చెప్పలేదు. ఆమెకు తెలియదు" అన్నది. గొంతు ఎత్తలేదు, దించలేదు.

నాకు ఆ మాట గుండెలో గుచ్చుకున్నది. ముప్పై ఏండ్లలో నా ముఠాలో తప్పు జరిగితే అది ఎవరిదో నేను వేలు పెట్టి చూపించేదాన్ని. నా వేలు నా దిక్కు ఎప్పుడూ తిరగలేదు. నేను కూడ మంచం దిగి కింద కూచున్న.

"ఆమెది కాదు. నాదే. ముందు తెలియక వండిన. తర్వాత తెలుసుకోకుండ గొంతెత్తి ఒర్రిన. ఒర్రింది పెద్ద తప్పు" అన్న.

ముత్తక్క చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఊళ్లె రావద్దంటే రమ్మన్నట్టా?"

"అవ్."

"మరి రమ్మంటే?"

"రమ్మని అనం. రాకపోతే తిడతం."

పెద్దలకు ఆమె అది వాళ్ల భాషలో చెప్పింది. ఒక ముసలాయనకు నవ్వాగక దగ్గొచ్చింది. "మా దగ్గర రావద్దంటే రావద్దనే" అన్నది ముత్తక్క. "మాట అన్నంక అంతే గద."

పొయ్యి మార్చాలె, కొత్త కుండ పెట్టాలె, షెడ్డు కాడ ఒక కోడి కొయ్యాలె అని తేల్చిన్రు. కోడి నేనే కొన్న. నాటుకోడి నూరు రూపాయలన్నరు. ఎనభైకి అడిగిన.

"తప్పు నీది, బేరం కూడ నీదేనా అక్కా?" అన్నది ముత్తక్క. నోరు మూసుకొని నూరు ఇచ్చిన. చేతికి బరువనిపించింది, నిజం చెప్తున్న.

లేచే ముందు, లారీ సంగతి పద్మ ఎట్ల చెప్తదో అని చూసిన. నేనైతే కాళ్లు పట్టుకుందును, లేకపోతే కూలి కోస్తనని బెదిరిద్దును. ఆమె ఒక్కటే చెప్పింది: "ఆదివారం పొద్దున లారీ. రెండున్నర రోజుల పని మిగిలింది, ఉన్నది శనివారం ఒక్కటే. నిండకపోతే షెడ్డు కాంట్రాక్టరుది అయితది. మీ పండుగ మాత్రం మీరు జరిపినట్టే జరపండి." అంతే, ఆపింది. రమ్మని కూడ అడగలేదు. నాకు ఆమెను గిల్లాలనిపించింది.

దారిలో అడిగిన, "రమ్మని ఎందుకు అనలేదు?"

"వాళ్లకు తెలవంది ఏమన్న మిగిలిందా అత్తమ్మా? ఇంకా చెప్తే నమ్మనట్టు అయితది."

మామిడి పండుగ

శుక్రవారం మమ్మల్ని పిలిచిన్రు. చెట్ల కింద దేవతల ముందు కొత్త కాయలు పెట్టిన్రు. ముందు పెద్దలు తిన్నరు, తర్వాత మొగోళ్లు, ఆడోళ్లు, పిల్లలు. అప్పటి దాక పిల్లలు కూడ కాయ దిక్కు చెయ్యి చాపలేదు. మన పిల్లలను తలుచుకొని నాకే సిగ్గనిపించింది. మనమూ ఉగాది పచ్చడిలో కొత్త కాయ వేస్తం. కానీ అంతకుముందు నెల నుంచే నంజుకుంటుంటం.

డోళ్లు మోగినయ్. ఆడోళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకొని వరుసగా ఆడిన్రు. ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి. ఆ వరుసలో వెనకబడే మనిషి ఉండదు, పక్కామె చెయ్యి ఆపుతది. పై గుంపుల నుంచి, వాగవతలి నుంచి చుట్టాలు దిగుతనే ఉన్నరు. ఆడబిడ్డలు, అల్లుళ్లు, మేనత్తలు. సారు ఎత్తిపొడిచిన సెలవు ఈ రోజే. ముత్తక్క ఒక్కొక్క చుట్టం దగ్గరికి పోయి ఏందో చెప్పుకుంట తిరిగింది. పండుగ మర్యాదలేమో అనుకున్న.

శనివారం

తెల్లారక ముందు మనుషుల చప్పుడుకు లేచిన. షెడ్డు ముందు ముప్పై మంది కాదు, తొంభై మంది. పండుగకొచ్చిన చుట్టాలంత ఇంటికి పోకుండ ఇటే వచ్చిన్రు. మొగోళ్లు కూడ. ఆడోళ్ల పని అని మన దిక్కు మొగోడు ముట్టని పనికి ముసలోళ్లు కూడ గోచీ బిగించి కూచున్నరు.

"పండుగ మాది, లారీ నీది" అన్నది ముత్తక్క పద్మతోని. "రెండూ కావాలె."

నా కోడలు కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటదేమో అనుకున్న. పెట్టుకోలేదు. బలమున్నోళ్లను కాయలు కొట్టటానికి, చూపు మంచిగున్నోళ్లను గింజ తీయటానికి, చెయ్యి నిదానంగున్నోళ్లను నార ఏరటానికి అని పేరు పేరునా పంచింది. పేర్లన్నీ తెలుసు ఆమెకు. తెలియని చుట్టాల పేర్లు అడిగి, మరిచిపోకుండ పిలిచింది. నా దిక్కు తిరిగి, "అత్తమ్మా, నువ్వు గింజలకు" అన్నది. కోడలు పని చెప్తే అత్త చేయటం మా ఇంట్లో అదే మొదలు. పోయి కూచున్న.

అక్కడి పని తీరు మీకు చెప్పాలె. మన మునుములో ముందు దాటిన మనిషి గట్టెక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకొని వెనకున్నోళ్లను చూసి నవ్వుతది. నేనూ నవ్విన. ఇక్కడ ఎవరి కుప్ప ముందు అయిపోతే వాళ్లు లేచి, అందరికంటే పెద్దగ మిగిలిన కుప్ప కాడికి పోయి కూచుంటరు. ఎవరూ చెప్పరు. అట్ల ఎవరు ముందో, ఎవరు వెనకో తెలియకుండనే కుప్పలు తరుగుతయ్. నా కుప్పే చివరికి మిగిలింది. వేళ్లకు అలవాటు లేదు, గోళ్ల కింద పులుపు మండుతున్నది. తలెత్తి చూస్తే నా ఎదురుగా కూచొని గింజలు తీస్తున్నది పద్మ. ఎప్పుడొచ్చిందో తెలియదు. పొద్దటి నుంచి ఎవరి కుప్ప వెనకబడితే వాళ్ల ముందే కూచున్నదట. నేను ఆమె ఎక్కడో పెత్తనం చేస్తున్నదనుకుంట వెతికిన.

ముఠా నడిపినన్ని రోజులు నేను గట్టు మీదనే నిలబడ్డ. గట్టు మీదికి మనుషుల నడుములే కనపడతయ్. మొహాలు కనపడవు.

మధ్యాహ్నం ముత్తక్క కేకేసింది, "అక్కా, మిగిలిన కాయలేవి? ఇప్పుడు పెట్టు మాకు నీ పప్పు!" కొత్త పొయ్యి మీద, కొత్త కుండలో తొంభై మందికి వండిన. కుండ అడుగు గీకిన్రు. నా ఎండుమిరపకాయల కారానికి ఒకాయన కండ్లు తుడుచుకుంట ఇంకో గరిటె వేయించుకున్నడు. పొద్దు గూకేసరికి ఆఖరి బస్తా మూతి కుట్టినం.

లారీ

ఆదివారం పొద్దున లారీ, దాని వెనక సారు జీపు. సారు పక్కన కాంట్రాక్టరు. కొలత టేపు చేతిలో పట్టుకొని దిగిండు, షెడ్డు అప్పుడే తనదైనట్టు. బస్తాలు గోడ దాక పేర్చి ఉన్నయ్. సారు ఒక బస్తా విప్పించిండు. చెయ్యి పెట్టి పండు తీసి చూసిండు. గింజ లేదు, నార లేదు. ఇంకోటి విప్పించిండు. అదీ అంతే.

"పండుగ చేయలేదా ఈసారి?" అన్నడు.

"చేసినం సార్" అన్నది పద్మ. "పండుగ వల్లనే అయింది."

"ఇంతమందిని ఎక్కడ పట్టుకొచ్చినవమ్మా?"

"నేను పట్టుకు రాలేదు సార్. వాళ్లే వచ్చిన్రు."

సారు ఆ మాట నమ్మాల్నా వద్దా అన్నట్టు అందరినీ చూసుకుంట వచ్చిండు. ముత్తక్కను చూసిండు, మొగోళ్లను చూసిండు, నా దగ్గర ఆగిండు. నా కట్టు, బొట్టు వేరే కదా.

"నువ్వు ఈ ఊరిదానివి కావు. ఎవరు నువ్వు?"

మీ అందరికీ తెలుసు, నన్ను ఎవరన్న ఎవరు అని అడిగితే నేనేం చెప్తనో. ముప్పై ఏండ్ల ముఠా మేస్త్రిని అని చెప్తా. ఊరు పేరు, మా ఆయన పేరు, నా ముఠాలో ఎందరో కూడ చెప్తా. ఆ రోజు నా రెండు చేతులూ చింతపండు జిగటతోని నల్లగ ఉన్నయ్. వాటిని దాచుకోలేదు.

"కూలీకొచ్చిన సార్" అన్న. "మేడం దగ్గర."

ముత్తక్క అది వాళ్ల భాషలోకి మార్చి వెనకున్నోళ్లకు చెప్పింది. తొంభై మందీ గొల్లున నవ్విన్రు. సారుకు ఏం అర్థమైందో, కాంట్రాక్టరు దిక్కు తిరిగి, "టేపు లోపల పెట్టుకో" అన్నడు. పద్మ దిక్కు తిరిగి, "షెడ్డు నీ దగ్గరే ఉండనీ. వచ్చే లారీకి తేదీ నువ్వే చెప్పు, పండుగలు చూసుకొని" అన్నడు.

పద్మ బస్తాల దిక్కు తిరిగి, ఎక్కించటానికి ఒక్కొక్కళ్లను పేరు పెట్టి పిలవటం మొదలుపెట్టింది. అయిదో పేరో, ఆరో పేరో నాది. అత్తమ్మా అనలేదు. అందరినీ పిలిచినట్టే, పేరు పెట్టి, అక్కా అని కలిపి పిలిచింది.

వస్తున్న అన్న. పోయి బస్తా ఒక మూల పట్టుకున్న.